మీకు తెలుసా? గండికోటలో ఫిరంగులు పోయబూనిన ఫ్రెంచివాడు
మన వేంపల్లె దగ్గర పాపఘ్ని గండి ఎలాగో, జమ్మలమడుగు దగ్గర పెన్నా గండి అలాగే. ఆ లోయ అంచునున్న గండికోటకు 1652లోనే పారిస్ వజ్రాల వ్యాపారి తావెర్నియే వచ్చాడు. కోటను ఏలిన పెమ్మసానివారి నుంచి దాన్ని గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ఫిరంగులు పోసే పని చేపట్టింది కూడా ఫ్రెంచివాడే, బూర్జ్ నగరానికి చెందిన క్లోద్ మాయే. అందుకోసం గుళ్లలోని విగ్రహాలను మూసల్లో వేశారట! చదువుతుంటేనే మనసు కలుక్కుమంటుంది. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని తావెర్నియే రాసిపెట్టాడు.

గండికోటకు వెళితే లోయ దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా చూడండి.