వ్రాత యొకటి, పేరు వేఱొకటి

అంతర్జాలమున పలువురు కూడి యొక గ్రంథమును నిర్మించునపుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఆ వ్రాత వేఱొకచోటికి తరలవచ్చునా? వ్రాసినవాని పేరు దానితో తరలునా? ఈ రెంటిని ఒకటిగా భావించుట సామాన్యము. అవి వేఱని చూపుట మా యుద్దేశము.

ఇందులకు వికీట్రావెల్ చరిత్ర చక్కని నిదర్శనము. ఇది 2003లో ఎవాన్ ప్రొడ్రొమూ, మిషెల్ ఆన్ జెన్కిన్స్ అనువారు ఆరంభించిన యాత్రామార్గదర్శిని. ఔత్సాహికులెందఱో వేతనము లేకయే దానిని వ్రాసిరి. 2006లో ఇంటర్నెట్ బ్రాండ్స్ అను వ్యాపారసంస్థ దానిని కొనెను. ఇందులకు సమ్మతింపని జర్మను రచయితలు ఆ యేడే విడివడి వికీవాయేజ్ నెలకొల్పిరి. నిర్వహణమునకు అసంతృప్తులైన ఆంగ్లరచయితలు పలువురు 2012లో వారిని అనుసరించిరి. వ్రాత యంతయు క్రియేటివ్ కామన్స్ అనుమతికి లోబడినది. అనగా కర్తలను పేర్కొని, అదే షరతుతో, ఎవరైనను దానిని ప్రతి చేసికొనవచ్చును. కావున వారు వట్టిచేతులతో వెడలలేదు. 2013 జనవరి 15న వికీవాయేజ్ వికీమీడియా ప్రాజెక్టుగా ప్రారంభమయ్యెను.

మఱి పేరులో? ఖాతాలును, సంకేతపదములును పాత సంస్థ యధీనమున నిలిచిపోయెను. ఆంగ్లవిభాగమున పాత చేర్పులు రచయిత పేరు ప్రక్కన ‘డబ్ల్యూటీ-ఈఎన్’ అను గుర్తుతో నమోదయ్యెను. ఆ పేరు తనదేయని నిరూపించుకొనుట రచయితకు వేఱొక పని యయ్యెను. ఇచట మన కావ్యములందలి ఆశ్వాసాంతగద్య జ్ఞప్తికి వచ్చును. తాళపత్రము లెన్ని చేతులు మాఱినను గద్య కవి యెవరో చెప్పును. ‘ఆ కవిని నేనే’ యని వచ్చినవానిని మాత్రము గుర్తింపజాలదు.

యాక్టివిటీపబ్ అను నియమావళిని 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము ఆమోదించెను. దాని కర్తలలో నొకరు పైన పేర్కొన్న ప్రొడ్రొమూయే. ఒక సర్వరునందలి ఖాతాతోనే ఇతర సర్వరులవారితో సంభాషించుటకు ఇది వీలు కల్పించినది. దీనిని వాడు మాస్టొడాన్‌లో సర్వరు మార్చుకొన్నవాని వెంట అనుచరులు వత్తురు. పాత వ్రాతలు రావు. పాత సర్వరు హఠాత్తుగా మూతపడినచో అనుచరులును రారు. వికీవాయేజ్‌న వ్రాత తరలి పేరు నిలిచినది. ఇచట పేరు తరలి వ్రాత నిలిచినది.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా వ్రాతయు స్వేచ్ఛానుమతి గలదే. వికీమీడియా ప్రాజెక్టులన్నిటికిని ఒకే ఖాతా చెల్లు ఏర్పాటు 2015లో పూర్తియైనది. ఐనను ఆ ఖాతా వికీమీడియా ఎల్లను దాటదు. కావున తమ కృషిని ఇట్టి సమాజములకు అర్పించు పరిశోధకవిద్యార్థులు చేరునాడే రెండు ప్రశ్నలను వేఱువేఱుగా అడుగవలెను: నా వ్రాతను కొనిపోవచ్చునా? నేను నేనుగానే పోవచ్చునా? మొదటిదానికి అనుమతిపత్రము బదులు చెప్పును. రెండవదానికి పూర్తి సమాధానము నేటికిని కుదురలేదు.