తుంగభద్ర క్యాంపులలో మన వంశశాఖలు

మన కోస్తా జిల్లాల కర్షక కుటుంబములలో దాయాదుల శాఖ యొకటి "క్యాంపులో" నున్నదని పెద్దలు చెప్పుట తరచుగా వినబడును. ఆ శాఖకు మూలపురుషుడెవరు, నేడు వారసులెందరు అని యడిగినచో చెప్పగల యువకులు అరుదు. ఉమ్మడి పట్టా తాతగారి పేరనే యున్నప్పుడు, ఒక్క వారసుని జాడ తెలియకున్నను పంపకము సాగదు. సహకార సంఘమున ఋణము కోరు కర్షకునకు చిక్కు కలుగును. కావున నీ విషయము శ్రద్ధార్హము.

1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన పిదప మాగాణి విస్తరించెను. తరతరముల పంపకములచే కమతములు చిన్నవగుటతో సాహసికులు క్రొత్త కాలువలను వెదకికొని పోయిరి. 1923-31 నడుమ మంజీరపై నిజాంసాగరము నిర్మింపబడగా బోధను ప్రాంతమునకు కొందరు తరలిరి. 1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదలబడగా మరికొందరు గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములకు చేరిరి. ఇచ్చట ఒక ఎకరము విక్రయించిన సొమ్ముతో అచ్చట పలు ఎకరములు లభించినవి. జొన్న పండు మెట్టను చదునుచేసి, గట్లు వేసి, వరి నాటిరి. వారి తొలి గుడిసెల సముదాయములే "క్యాంపులు". ఆ సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, నేడు కర్ణాటకలోని కొప్పళ, రాయచూరు జిల్లాలలో నున్నది.

జాడ తీయుటకు మొదట వృద్ధులనడిగి మూడు తరముల పేర్లు, గోత్రము వ్రాసికొనవలెను. పిదప రిజిష్ట్రారు కచేరీని ఆశ్రయింపవలెను. స్థిరాస్తి దస్తావేజులు నకలగు ఒకటవ పుస్తకమునకు రెండు సూచికలుండును: మొదటిది మనుష్యుల పేర్లనుబట్టి, రెండవది ఆస్తినిబట్టి. వలసపోవుటకు ముందు వ్రాసిన విక్రయపత్రమున తండ్రిపేరు, కాపురపుటూరు సాధారణముగా నుండును; అచ్చటి కొనుగోలుపత్రమునందును అట్లే. కన్నడ కాగితములలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా మిగిలియుండవచ్చును. పేరు కలిసినంతనే తృప్తిపడక, తండ్రిపేరును సరిచూడవలెను.

జిల్లాల మార్పును మరువరాదు. వేటపాలెము గుంటూరు జిల్లాలో నుండి, 1970లో ప్రకాశము జిల్లాలోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. ఏ యేటి కాగితము కావలయునో తెలిసిననేగాని ఏ కచేరీలో నడుగవలెనో తెలియదు. పూర్వపు వార్తలు చూడగోరువారికి 1918లో ఈ యూరనే స్థాపింపబడిన సారస్వత నికేతనము గలదు; పాతపత్రికలను భద్రపరచిన గ్రంథాలయమది.

వంశవృక్షములలో ఆడుబిడ్డల పేర్లు తరచుగా కానరావు. పెండ్లితో ఇంటిపేరు మారుటచే వారి సంతతి జాడయు మరుగగును. హిందూ వారసత్వ చట్టమునకు 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన సవరణచే, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమగు హక్కు జన్మతః గలదు. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిష్టరు దస్తావేజుచే గాని, కోర్టు డిక్రీచే గాని జరిగిన పంపకములను మాత్రమిది కదలింపదు. కావున ప్రతి స్త్రీ పేరునకు ప్రక్కన పుట్టినింటి, మెట్టినింటి పేర్లు రెండును వ్రాయవలెను.

విత్తనపు గాదెకు చీటి కట్టు కర్షకుడు వంశమునకు కట్టకుండుట తగదు. పంట యింటికి చేరిన తీరిక దినములలో పెద్దలయొద్ద కూర్చుండి ఒక కాగితముపై ఈ వివరములు వ్రాయుడు. నకలొకటి క్యాంపులోని బంధువులకు పంపుడు. ఆ వృద్ధులు కనుమూసిన పిదప ఏ కచేరీయు వారి జ్ఞాపకమునకు నకలు ఇయ్యజాలదు.