రొమ్ము పునర్నిర్మాణ ఆపరేషన్: ఉపవాసం, పథ్యం గురించి నాలుగు మాటలు

రొమ్ము క్యాన్సర్ గురించి మన ఇళ్లలో ఇంకా గుసగుసగానే మాట్లాడుకుంటాం. తీసేసిన రొమ్ముకు తిరిగి రూపం కల్పించే ఆపరేషన్ గురించైతే అసలే మాట్లాడం. అందుకే ఆ అవసరం వచ్చినప్పుడు మనకు తెలిసిన పాత పద్ధతులే పాటిస్తాం. వాటిలో కొన్ని ఇక్కడ మేలు చేయవు.

పొట్ట కింది భాగంలోని చర్మం, కొవ్వు తీసి రొమ్ముగా అమర్చే పద్ధతిని డీప్ ఫ్లాప్ అంటారు. రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద ఛాతీలోని నాళాలతో కలిపి కుడతారు. అక్కడ రక్తం గడ్డకడితే అమర్చిన భాగమే పోవచ్చు. అందుకే మొదటి రోజు నర్సు ఇంచుమించు గంటగంటకూ వచ్చి రంగు, వెచ్చదనం చూస్తుంది, డాప్లర్‌తో రక్తప్రవాహం వింటుంది. నిద్ర చెడుతోందని ఆమెను వారించకండి. తేడా వెంటనే కనిపెడితే మళ్లీ ఆపరేషన్ చేసి కాపాడే అవకాశం ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు: మొక్కుకున్నామని ముందురోజంతా ఉపవాసం ఉండకండి. 2017లో ఈరాస్ సొసైటీ ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు నీళ్లవంటి తేట ద్రవాలు తాగవచ్చు. మీ ఆసుపత్రి చెప్పిన సమయాన్నే పాటించండి. పొగతాగే అలవాటుంటే కనీసం నెల ముందే మానాలి. పసుపు, వెల్లుల్లి మాత్రలు, చేపనూనె, ఆయుర్వేద మందులు, ఏది వాడుతున్నా సర్జన్‌కు చెప్పండి. కొన్నిటివల్ల రక్తస్రావం పెరగవచ్చు. టామాక్సిఫెన్ వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ఆపరేషన్ తర్వాత: ఇండియా నుంచి సాయానికి వచ్చిన అమ్మో అత్తగారో "పప్పు తింటే చీము పడుతుంది" అని చారన్నంతో సరిపెడతారు. పప్పుకు, చీముకు సంబంధం లేదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. డాక్టరు సరేనన్నాక శాకాహారులు పప్పు, పెరుగు, పనీర్ బాగా తినాలి. అలాగే రోజుల తరబడి మంచం మీదే ఉండకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మొదటి 24 గంటల్లోనే లేపి నడిపిస్తారు. పొట్ట కుట్లు లాగకుండా కొన్నాళ్లు కాస్త వంగి నడవాలి. సర్జన్ చెప్పేదాకా బరువులెత్తకూడదు. గుడికి వచ్చినా సాష్టాంగం వద్దు, నిలబడి దండం పెట్టుకుంటే చాలు.

ఇంటికి వచ్చాక అమర్చిన భాగం రంగు మారినా, ఉన్నట్టుండి వాచినా, జ్వరం వచ్చినా, పిక్క నొప్పి పుట్టినా వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయండి. ఊపిరాడకపోతే, ఛాతీలో నొప్పి వస్తే 911కు చేయండి.

ఇన్సూరెన్స్ సంగతి: 1998 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు డబ్బిచ్చే గ్రూప్ ప్లాన్లలో అత్యధికం పునర్నిర్మాణానికీ ఇవ్వాలి. డిడక్టిబుల్ మాత్రం ఉండవచ్చు. చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. "ఈ వయసులో ఎందుకు?" అని మాత్రం అనకండి.