చుట్ట మానాలంటే చుట్టాలు కావాలి

వాడపల్లి: శుక్రవారం అర్ధరాత్రి దాటిన దగ్గరనుంచే యీ వూరు మేలుకుంటుంది. రావులపాలెం వైపునుంచి ఆటోలు, బస్సులు, కార్లు, కాలినడకన వచ్చేవాళ్లు. తెల్లవారేసరికి గుడి చుట్టుపక్కల కాలుపెట్టడానికి చోటుండదు. ఎర్రచందనపు మూర్తిగా వెలసిన వేంకటేశ్వరస్వామికి వరసగా ఏడు శనివారాలు, వచ్చినప్పుడల్లా ఏడేసి ప్రదక్షిణలు చేయడం యిక్కడి మొక్కు. స్వామికి "ఏడు శనివారాల వెంకన్న" అని పేరే వచ్చేసింది. ఉద్యోగం కోసం, పెళ్లి కోసం, సంతానం కోసం, ఏళ్లతరబడి కోర్టులో నానుతున్న పొలం తగాదా కోసం మొక్కుకునేవాళ్లే ఎక్కువ.

ఆ జనంలోనే మరో రకం వాళ్లు కొద్దిమంది వుంటారు. వాళ్లు ఏదో కావాలని రారు, ఒకటి వదుల్చుకోవాలని వస్తారు. ప్రదక్షిణ మధ్యలో చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోతుంది. అక్కడ పెట్టె లేదని తెలుసు. అయినా తడుముకుంటారు. ఈ వ్యాసం వాళ్ల గురించి. రాస్తున్నవాడు కూడా ఆ జేబు తడుముకున్నవాడే గనుక కొంత సొంత గోల తప్పదు, పాఠకులు మన్నించాలి.

ఏడో వారం దాటాక

నేను మొదటిసారి సిగరెట్టు మానింది 2017లో. అప్పటికి యిరవై రెండేళ్ల అలవాటు, రోజుకు ఒక పెట్టె. ఏడు వారాల మొక్కు పెట్టుకున్నాను గాని ఎవరికీ చెప్పలేదు, యింట్లోకూడా. చెప్పి నిలబెట్టుకోలేకపోతే నలుగురూ నవ్వుతారని భయం. ఏడు శనివారాలూ నిప్పు ముట్టించకుండా నెగ్గుకొచ్చాను. ఏడో శనివారం ప్రదక్షిణలు ముగించి రావులపాలెంలో బస్సు దిగితే, టీ కొట్టు దగ్గర చిన్ననాటి స్నేహితుడు ఎదురయ్యాడు. మాట్లాడుతూనే పెట్టె తెరిచి నావైపు చాచాడు. పాపం, అతనికేమి తెలుసు? మొక్కు తీరిపోయింది గదా, యిక ఒక్కటి కాలిస్తే తప్పేమిటన్న జవాబు నా మనసు అప్పటికే తయారుచేసి వుంచింది. పదిరోజులు తిరక్కుండా మళ్లీ పెట్టె.

శబరిమల మాల వేసుకునేవాళ్ల సంగతీ యిలాంటిదే. 41 రోజులు పొగ, మందు దగ్గరికి రానివ్వరు. పెద్ద పొగరాయుళ్లు కూడా చాలామంది ఆ 41 రోజులూ ఎలాగో నెగ్గుకొస్తారు. మాల తీసిన సాయంత్రమే కొందరు కిళ్లీకొట్టు దగ్గర కనిపిస్తారు. దీక్ష పనిచేయలేదని దీన్నిబట్టి అనుకోరాదు. దీక్ష చేయవలసిన పని పూర్తిగానే చేసింది. ఎలాగో చూద్దాం.

పొగాకులో మనిషిని పట్టివుంచేది నికోటిన్. మానిన మొదటి మూడు నాలుగు రోజులూ అది పెట్టే బాధ అంతా యింతా కాదు. చిరాకు, నిద్రపట్టకపోవడం, మలబద్ధకం, ఎదుటివాడి మాటకల్లా కోపం. మొదటి వారం దాటితే తగ్గుముఖం పడుతుంది. మూడు నాలుగు వారాలకు శరీరానికి సంబంధించినంతవరకు చాలామందిలో సద్దుమణుగుతుంది. వాడపల్లి మొక్కులో మొదటి శనివారం నుంచి ఏడో శనివారానికి లెక్కవేస్తే 43 రోజులు. మాల 41 రోజులు. అంటే రెండూ శరీరాన్ని గట్టు దాటించేవే. పైగా దీక్షలో వున్నన్నాళ్లూ మనిషి ఒంటరి కాడు. మాల వేసుకున్నవాడికి గురుస్వామి వున్నాడు, పక్కన నలుగురు స్వాములున్నారు, మెడలో మాల చూసి ఎవరూ సిగరెట్టు యివ్వజూపరు. మాల తీసిన మరునాడు యివేవీ వుండవు. అసలు పరీక్ష ఎనిమిదో శనివారంనాడు మొదలవుతుంది.

నా మొక్కులో అయితే ఆ నలుగురూ మొదటినుంచీ లేరు. గుట్టుగా మానాను, గుట్టుగానే మొదలుపెట్టాను.

లంకాకు ఘనత

ఈ అలవాటు ఎవరికీ ఒంటరిగా రాదు. కోనసీమవాళ్లకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్టలకు ఒకప్పుడు మద్రాసు రాజధాని అంతటా గిరాకీ. లంక అనే మన మాటే "లంకా" అని ఆ చుట్టకు పేరై ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. 1890లో వచ్చిన "ది సైన్ ఆఫ్ ఫోర్" నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల గురించి తన పాండిత్యం చెప్పుకుంటూ ఆ చుట్ట పేరే ఎత్తుతాడు. మన గోదావరి మన్ను లండన్ దాకా పోయి హంతకులను పట్టించడానికి పనికివచ్చిందన్నమాట! పొగాకు మీద పరిశోధనకు 1947లో రాజమండ్రిలో కేంద్ర సంస్థే పెట్టారు. ఈ పంట ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ సంగతి మరచి మాట్లాడడం న్యాయం కాదు.

మా నాన్నగారిది లంకాకు చుట్టే. భోజనమైన తరువాత వీధి అరుగుమీద ముగ్గురు నలుగురు కూర్చుంటే, ఒకరి చుట్ట నిప్పుతో మరొకరు ముట్టించుకునేవారు. "సిగరెట్టులా పొగ మింగనురా, నోట్లో పెట్టి వదిలేస్తాను" అనేవారు. ఈ మాట యీనాటికీ చాలామంది చుట్టరాయుళ్ల నోట వింటాము. చుట్ట పొగకు క్షారగుణం వుండడం వల్ల అందులోని నికోటిన్ నోటి పొరలగుండానే రక్తంలోకి ఎక్కుతుంది. ఊపిరితిత్తుల దాకా పోవలసిన పనిలేదు. నోటి కాన్సర్ ప్రమాదం సరేసరి. ఉత్తరాంధ్రలో నిప్పు వున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. అది అంగిటిని తినేస్తుంది.

గురజాడవారి గిరీశం శిష్యుడికి చదువు ఎంతవరకు చెప్పాడోగాని చుట్ట కాల్చడం మాత్రం చక్కగా నేర్పాడు. ప్రతివాడికీ ఒక గిరీశం వుంటాడు. అన్నయ్యో, హాస్టలు గదిలోని స్నేహితుడో, మేస్త్రీయో. జట్టుగా పట్టిన అలవాటు జట్టు లేకుండా వదలాలంటే వదులుతుందా?

ఇది నా వూహ కాదు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే వూరివాళ్లను, వాళ్ల బంధుమిత్రులను 1971 నుంచి 2003 దాకా గమనించిన లెక్కలను క్రిస్టాకిస్, ఫౌలర్ అనే యిద్దరు పరిశోధకులు పరిశీలించి 2008లో ప్రకటించారు. మొత్తం 12,067 మంది. భార్యాభర్తలలో ఒకరు మానేస్తే రెండోవారు పొగ తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానితే 36 శాతం. చిన్న సంస్థలో పక్కన పనిచేసేవాడు మానితే 34 శాతం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ప్రభావం 25 శాతమేనట! తోబుట్టువు కన్నా పక్క బల్ల గుమాస్తా మాట ఎక్కువ చెల్లుబాటు కావడం నాకైతే వింతగా తోచలేదు. ఒకరొకరుగా కాక గుంపులు గుంపులుగా జనం మానారని వారు తేల్చారు.

మన రాష్ట్రంలోనే అంతకుముందు జరిగిన పని మరొకటి వుంది. దాన్ని మనవాళ్లు ఎక్కువగా చెప్పుకోరు. 1970ల చివర టాటా ఫండమెంటల్ రీసెర్చి సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల పల్లెల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడకందార్లను ఎంచుకుని యింటింటికీ వెళ్లారు. నోరు చూశారు, మచ్చ వుంటే చూపించారు, మానమని నచ్చచెప్పారు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లారు. ఆ మరుసటి ఏడాది మళ్లీ. ఫలితాలు 1986లో "లాన్సెట్" పత్రికలో వచ్చాయి. అంతకుముందు యివే జిల్లాల్లో యిలాంటి హితబోధ లేకుండా గమనించినవాళ్లతో పోలిస్తే, యీసారి మానినవారూ తగ్గించినవారూ ఎక్కువ. కాన్సర్‌కు ముందు వచ్చే నోటి తెల్లమచ్చలు తగ్గాయి. సినిమాలూ పోస్టర్లూ కూడా వాడారు గాని, గడప తొక్కి "ఏమమ్మా, ఎంతవరకు వచ్చింది?" అని ఏటేటా అడిగే మనిషి వుండడమే అందులో గొప్ప విషయమని నాకనిపిస్తుంది.

రెండోసారి

2019లో రెండోసారి మొదలుపెట్టినప్పుడు మొదటి పని, అందరికీ చెప్పేశాను. మా ఆవిడ ఒక్కటే మాట అంది: "ఏవండీ, ఈ నెల్లాళ్లూ మీరెన్ని కేకలేసినా నేను లెక్కలో వేసుకోను." ఆ మాట నిలబెట్టుకుంది కూడా. అయిదోరోజు పప్పులో వుప్పు తక్కువైందని కంచం తోసేస్తే, మాట్లాడకుండా తెచ్చి వుప్పు వడ్డించింది. వీధి చివర బడ్డీకొట్టాయనకు ముందే చెప్పి వుంచాను. ఎనిమిదోరోజు రాత్రి పరువు విడిచి విడి సిగరెట్టు అడిగితే, "ఆయ్, మీకివ్వనండి. కావాలంటే కొరికే సోడా తాగి వెళ్లండి" అన్నాడు. రూపాయి లాభం పోగొట్టుకుని నా పంతం కాపాడిన ఆ మనిషికి నేనెంతో రుణపడివున్నాను.

అందరి సాయం ఒక్కలా వుండదు. "చూద్దాంలే, ఎన్నాళ్లో" అనేవాళ్లుంటారు. "పిల్లల మొహం చూసైనా బుద్ధి రావద్దూ" అని రోజూ దెప్పేవాళ్లుంటారు. దెప్పితే మనిషి మానడు, చాటుకు పోతాడు. చాటుకు పోయినవాడికి ఎవరూ సాయం చేయలేరు. నా మటుకు పనికివచ్చినవి చిన్న చిన్నవి: టీ తాగే చోటు మార్చడం, అన్నం తినగానే ఎవరో ఒకరు నడకకు పిలవడం, జేబులో ఏలకులు, వేరుశెనక్కాయలు. తపన వచ్చినప్పుడు కొండంతగా కనిపిస్తుంది గాని అయిదు నిమిషాలు తాళగలిగితే చాలావరకు దానంతటదే దిగిపోతుంది. ఆ అయిదు నిమిషాలు పక్కన మాట్లాడే మనిషి కావాలి. అంతే.

మధ్యలో ఒకసారి జారాను. మేనమామ దినకార్యంనాడు భోజనాలయ్యాక మూడు కాల్చాను. ఇంటికివచ్చి చెప్పేశాను. మా అమ్మాయి కాలెండరు దగ్గరికి వెళ్లి, "ఆ మూడూ పోతే పోయాయి నాన్నా, డెబ్బై రోజులు మాత్రం పోలేదు గదా" అంది. మొదటిసారి మానినప్పుడు యీ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

పట్టుదల ఒక్కటే చాలదనుకునేవారికి వైద్యం వుంది. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. బబుల్‌గమ్‌లా ఆపకుండా నమలరాదు. కాసేపు నమిలి, బుగ్గన పెట్టి వుంచాలి. గుండెజబ్బు వున్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు. బిళ్లలు కూడా వున్నాయి గాని అవి డాక్టరు రాసివ్వవలసినవే. ఇక ఫోను. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత నంబరు 1800-11-2356. 2018లో బెంగుళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలు చేరాక దక్షిణాది భాషల్లోనూ సలహా అందే ఏర్పాటు జరిగింది. ఆ ఏడాదినుంచే సిగరెట్టు పెట్టెమీద ఆ నంబరు అచ్చువేయడం తప్పనిసరి చేశారు. అయితే మన బడ్డీకొట్లలో ఎంతమంది పెట్టె కొంటారు? విడిగా ఒకటీ రెండూ కొనేవాడికీ, కట్ట విప్పి అమ్మే చుట్ట కాల్చేవాడికీ ఆ నంబరు కంటబడే దారిలేదు. 2016-17 జాతీయ సర్వేలో పొగతాగేవారిలో సగానికి మించి, 55.4 శాతం మంది, మానే ఆలోచనలో వున్నామన్నారు. ఆ ఆలోచన వున్నవాడి చేతికే నంబరు అందకపోవడం విచారించవలసిన సంగతి.

"ఈ వయసులో మాని వుద్ధరించేదేముంది?" అనే పెద్దవాళ్లకు మాత్రం ఒక లెక్క చెప్పాలి. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ బృందం 34,439 మంది మగ డాక్టర్లనే 1951 నుంచి యాభయ్యేళ్లు గమనించి 2004లో ప్రకటించిన లెక్క యిది. ముప్పయ్యో ఏట మానినవారికి సుమారు పదేళ్లు, నలభైకి తొమ్మిదేళ్లు, యాభైకి ఆరేళ్లు, అరవైకి మూడేళ్లు ఆయుష్షు కలిసివచ్చింది. డాల్ దొరగారికీ సిగరెట్టు అలవాటు వుండేది. తన పరిశోధనలో తేలింది చూసి తానే మానేశాడు. అరవయ్యో ఏట మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడడానికి సరిపోవచ్చు. మా నాన్నగారికి ఆ లెక్క చెప్పేవాళ్లు లేరు, చెప్పినా వినేవారో లేదో.

2017లో రావులపాలెంలో నాకు పెట్టె చాచిన స్నేహితుడు యీమధ్యనే కబురుచేశాడు. "ఒరే, నేనూ మొదలుపెట్టానురా" అని. అతనికి పోయిన శనివారం మూడోది. రాత్రి తొమ్మిదిన్నరకు, అన్నం తిన్న వెంటనే, ఫోను వస్తుంది. "వచ్చిందిరా" అంటాడు. ఏమి వచ్చిందో అడగనక్కరలేదు. నేను జేబులో వేరుశెనక్కాయలు పోసుకుని బయలుదేరతాను. ఇద్దరం ఏటిగట్టు మీద కొంతదూరం పోయి తిరిగివస్తాము. ఎనిమిదో శనివారానికి కూడా రావాలని ముందే మాట తీసుకున్నాడు.