గచ్చిబౌలి స్టేడియం చూచి వద్దాం రండి

తెలుగు పాఠాలు చెప్పుకొనే వాడికి ఫుట్‌బాల్ ఆటతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది. ఆమెకు చెప్పిన కారణం ఒకటి, చెప్పనిది మరొకటి. మీకు రెండూ చెబుతాను.

చెప్పిన కారణం మావాడు. ఎనిమిదో తరగతి. 2024 నవంబరు 18న భారతదేశానికీ, మలేషియాకూ హైదరాబాదులో ఫుట్‌బాల్ పందెమని తెలిసింది మొదలు ఇంట్లో అన్నం సరిగా తినడం మానేశాడు.

చెప్పని కారణం కొంచెం పాతది. సుమారు పదిహేనేళ్ళ క్రిందట మా కాలేజీలో బి.ఎ. చదివే అమ్మాయి ఒకతె ఉండేది. ఆదోని వైపు పల్లె. నాలుగువందల మీటర్ల పరుగులో ఆమెను మించిన వారు మా జిల్లా పోటీల్లో లేరు. ఒకనాడు సెలవు చీటీ పట్టుకొని నా గదికి వచ్చింది. హైదరాబాదులో, గచ్చిబౌలి స్టేడియంలో పోటీలున్నాయి, వారం రోజులు పోయి వస్తానన్నది. నేను హాజరుపట్టీ తిరగేసి, "హాజరు చాలదమ్మా. అయినా పరుగు అన్నం పెడుతుందా?" అన్నాను. సంతకం పెట్టలేదు. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ మాట నేనూ మరచిపోయాను.

2024 దసరా సెలవుల్లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర కనిపించింది. చంకలో చిన్నపిల్ల. "బాగుండారా సార్?" అని నవ్వుతూ పలకరించింది. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత, "గచ్చిబౌలి స్టేడియం ఎప్పుడన్నా చూసినారా సార్? ఆడ ట్రాకు రబ్బరు మాదిరి మెత్తగా ఉంటాదంట, నిజమేనా?" అని అడిగింది. దెప్పిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. లెక్చరరు వద్ద జవాబు లేదు.

చూచి వద్దామని అప్పుడే అనుకున్నాను.

ఎలా వెళ్ళాలి?

కర్నూలు నుంచి హైదరాబాదు రెండువందల పది కిలోమీటర్ల చిల్లర. తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణ. అలంపురం చౌరస్తా, జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది. సొంత కారున్న వారు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఊళ్ళోకి పోకుండానే గచ్చిబౌలిలో దిగవచ్చు. మా వంటి బస్సు ప్రయాణికులు మహాత్మాగాంధీ బస్ స్టేషన్లో దిగి, ప్రక్కనే ఉన్న మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగాలి. అక్కడినుంచి ఆటో.

టిక్కెట్టు ఈ రోజుల్లో కాగితం ముక్క కాదు, ఫోనులో ఉండే బొమ్మ. కాబట్టి దారిపొడుగునా పిల్లలకు ఫోనిచ్చి, గేటు దగ్గరకు వచ్చేసరికి అది ప్రాణం విడిచేలా చేసుకోకండి. టిక్కెట్టు మీద గేటు నంబరు ఉంటుంది. దాన్ని ముందే చదువుకోండి. స్టేడియం గుండ్రంగా ఉంటుంది గనుక ఎటు పోయినా చేరతామని మా బావమరిది ధీమాగా అన్నాడు. చేరాము, కాని దాదాపు పూర్తి ప్రదక్షిణం చేసి చేరాము.

మరొక మాట. ఇటువంటి పందేలకు సంచులు, సీసాలు, తినుబండారాలు లోపలికి రానివ్వకపోవడం మామూలు. ఆ సంగతి టిక్కెట్టు వెనుక నియమాలలో మావాడు చదివి చెప్పబట్టి, మా ఆవిడ కట్టిచ్చిన చిత్రాన్నం, శనక్కాయల పొడి బయట ఒక చెట్టు క్రిందనే ముగించాము. పొద్దున్నే కర్నూలులో ఉగ్గాని బజ్జీ తిని బయలుదేరిన కడుపులకు అది అమృతం. ఆట రాత్రి ఏడున్నరకు. మేము ఆరింటికే లోపల ఉన్నాము.

ఈ మైదానం కథ

ఈ స్టేడియాన్ని 2002 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన 32వ జాతీయ క్రీడల కోసం కట్టారు. అదే సంవత్సరం మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. సుమారు ముప్ఫైవేల మంది కూర్చోవచ్చు. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు కూడా హైదరాబాదులోనే జరిగాయి. జాతీయ క్రీడల కోసమే యూసుఫ్‌గూడలో కట్టిన ఇండోర్ స్టేడియానికి మన కర్నూలు వారైన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరున్నది. అటు పోయినప్పుడు మనవాళ్ళు అది కూడా చూడవచ్చు.

ఇంగ్లీషులో దీన్ని మల్టీపర్పస్ అంటారు. అంటే ఒకే చోట పలు రకాల ఆటలు. మన దేశంలో స్టేడియాల ఉపయోగం ఆటలతో ఆగదనుకోండి. 1983లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది హైదరాబాదు లాల్‌బహాదూర్ స్టేడియంలోనే. 2020లో కరోనా వచ్చినప్పుడు గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని పెద్ద మేడను ఆస్పత్రిగా మార్చారు. ఆటగాళ్ళ కోసం కట్టిన గదుల్లో రోగులకు మంచాలు వేశారు.

లాల్‌బహాదూర్ స్టేడియానికి పాత పేరు ఫతే మైదాన్. మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, 1955 నవంబరులో, పాలీ ఉమ్రీగర్ న్యూజిలాండు మీద 223 పరుగులు చేసింది అక్కడే. టెస్టు క్రికెట్టులో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది.

ఫుట్‌బాల్ మాటకొస్తే హైదరాబాదును మించిన ఊళ్ళు ఆ కాలంలో కొద్ది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కూడా గురువయ్యాడు. 1951లోను, 1962లోను ఏషియన్ క్రీడల్లో బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే. సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరామ్ వంటి ఆటగాళ్ళు ఆయన చేతి క్రింద ఆడారు. రహీం వృత్తికి బడిపంతులు. ఈ సంగతి మావాడికి గొప్పగా చెబుతూ చెబుతూ, మధ్యలో నాకే మాట తడబడింది. ఆయనా పంతులే, నేనూ పంతులునే.

ఎక్కడ కూర్చోవాలి?

టిక్కెట్టు కొనేముందు ఈ చిన్న లెక్క చూడండి. ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68. దాని చుట్టూ నాలుగువందల మీటర్ల పరుగుబాట. బాట తిన్నగా ఉండే భాగం 84.39 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 36.5 మీటర్లు. ఒక్కొక్క వరుస 1.22 మీటర్ల చొప్పున ఎనిమిది వరుసలు. ఈ ప్రామాణిక కొలతల ప్రకారం మైదానం ప్రక్క గీత నుంచి పరుగుబాట బయటి అంచుకు పన్నెండు మీటర్లే దూరం. గోలు వెనుక నుంచి మాత్రం ముప్ఫై ఆరు మీటర్లు! గాలరీలు ఆ తరువాతనే మొదలవుతాయి.

అందుచేత ట్రాకు ఉన్న స్టేడియంలో గోలు వెనుక సీటు చవకగా వస్తున్నదని మురిసిపోకండి. అవతలి గోలు దగ్గర ఏమి జరిగినా మీకు చీమల బారు కదిలినట్లే ఉంటుంది. నడిమి గీతకు ఎదురుగా, కొంచెం పై వరుసల్లో కూర్చుంటే మైదానమంతా చదరంగం బల్లలాగా పరచుకొని కనిపిస్తుంది. పగటి ఆటలైతే పడమటి గాలరీ మేలు; సాయంత్రపు ఎండ మన వీపునకు తగులుతుంది, కళ్ళకు కాదు. ఎండ సంగతి రాయలసీమ వాళ్ళకు నేను చెప్పాలా?

ఈ దూరం విసుగనే పలు దేశాలలో ఫుట్‌బాల్ క్లబ్బులు ట్రాకు లేని మైదానాలు కట్టుకున్నాయి. జర్మనీలో బేయర్న్ మ్యూనిక్ జట్టు 1972 ఒలింపిక్స్ జరిగిన స్టేడియాన్ని వదలి, 2005లో అటువంటి దానికి మారింది. ఆటగాణ్ణి దగ్గరగా చూడాలనే ప్రేక్షకుడికి అది న్యాయమే. కాని పరుగెత్తేవాళ్ళ సంగతేమిటని నాకు తోచింది.

ఆట

ఆట వర్ణించడం నాకు చేతకాదు, జరిగింది చెబుతాను. పంతొమ్మిదో నిమిషంలో మన గోల్‌కీపరు బంతి కోసం చాలా ముందుకు వచ్చాడు, అందలేదు. పాలో జోసువే ఖాళీ గోలులోకి తన్నాడు. స్టేడియం మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దం. ముప్ఫై తొమ్మిదో నిమిషంలో కార్నరు నుంచి వచ్చిన బంతిని రాహుల్ భేకే తలతో గోలులోకి పంపాడు. అప్పుడు లేచిన కేకకు నేను కూడా లేచి నిలబడి ఉన్నానని మావాడు తరువాత చెప్పాడు. చివరికి ఒకటి, ఒకటి, సమానం. ఆ 2024 సంవత్సరంలో భారత జట్టుకు ఒక్క గెలుపూ రాలేదు.

అప్పటి భారత జట్టు శిక్షకుడు మనోలో మార్కెజ్ అంతకు ముందు హైదరాబాద్ ఎఫ్.సి.కి పనిచేసి, 2022 మార్చిలో ఆ జట్టుకు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు సంపాదించి పెట్టినవాడే. గచ్చిబౌలి సొంత మైదానంగా 2019లో మొదలైన ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. స్టేడియం కట్టడం ఒక ఎత్తు. దానికి ఆడేవాళ్ళను నిలుపుకోవడం మరొక ఎత్తు.

విరామంలో మావాడు ట్రాకు వంక చూపించి, "నాన్నా, అందరూ ఒకే చోటునుంచి బయలుదేరకుండా గీతలు మెట్లు మెట్లుగా ఎందుకున్నాయి?" అన్నాడు. మలుపుల్లో బయటి వరుస పొడవు ఎక్కువ గనుక, నాలుగువందల మీటర్ల పందెంలో ఎనిమిదో వరుసవారిని మొదటివారికంటె యాభై మీటర్లకు పైగా ముందు నిలబెడతారని చెప్పాను. ఎవరికి ఎంత దూరం తక్కువైందో కొలిచి, అంత ముందుకు జరిపి, అప్పుడు పందెం మొదలుపెట్టడం! ఆదోని వైపు పల్లెనుంచి వచ్చిన పిల్లను నేను ఎక్కడ నిలబెట్టానో అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆట ముగిశాక జనం బయటికి పోతుంటే నేను మెట్లు దిగి కంచె దాకా వెళ్ళాను. ట్రాకు దీపాల వెలుగులో నిగనిగలాడుతున్నది. చేయి చాస్తే అందదు. ఒక్క నిమిషం నిలబడ్డానో లేదో, "బయటికి నడవండి సార్" అన్నాడు కాపలా కుర్రాడు. నడిచాము.

ఇంటికి వచ్చాక

కర్నూలు చేరిన మరునాడు ఆ అమ్మాయికి ఫోను చేశాను. "చూశానమ్మా, కాని మెత్తగా ఉంటుందో లేదో చెప్పలేను. కంచె ఇవతలినుంచి చూశాను. తొక్కిన వాళ్ళకే తెలుస్తుంది" అన్నాను. ఆమె గట్టిగా నవ్వింది. "అయితే మీరు గూడా కంచె ఈతలనేనా సార్!" అన్నది. ఆనాటి సెలవు చీటీ సంగతి నేనే ఎత్తాను. తప్పు నాదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పాప బాగా ఉరుకుతాది సార్" అని మాత్రం అన్నది.

జనవరిలో రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె యూనివర్సిటీ పరుగు పోటీలకు పోతానని చీటీ తెచ్చింది. హాజరు ఈమెకూ తక్కువే. సంతకం పెట్టాను. తప్పిన పాఠాలు సాయంత్రం నేనే చెబుతానన్నాను, చెప్పాను కూడా.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన మహిళలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి క్రికెట్టు ప్రపంచకప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నది. ఆ డి.వై. పాటిల్ స్టేడియం కూడా పలు ఆటలదే. 2022లో బాలికల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఫైనలు అక్కడే జరిగింది. ఆ రాత్రి కడపలోను, కర్నూలులోను టపాకాయలు కాల్చిన తండ్రులలో ఎంతమంది తమ పిల్లల చేత ఆట మానిపించారో ఎవరు లెక్కపెట్టగలరు? నా సంగతి నేను చెప్పాను.

కాబట్టి పాఠకులారా, పిల్లలను తీసుకొని స్టేడియానికి తప్పక వెళ్ళండి. ఫోను నిండా ఛార్జీ ఉంచుకోండి, గేటు నంబరు చూసుకోండి, నడిమి గీతకు ఎదురుగా కూర్చోండి. తిరిగి వచ్చిన మరునాడు తెల్లవారి అయిదున్నరకు మీ ఊరి మైదానానికి కూడా ఒకసారి నడిచి చూడండి. అక్కడ ట్రాకు ఉండకపోవచ్చు. దుమ్ములో సున్నంతో గీసిన గీతలే ఉండవచ్చు. టిక్కెట్టు లేదు, కంచె లేదు. పరుగెత్తే పిల్లలను బహు దగ్గరగా చూడవచ్చు.