చూరు కింది వరికుచ్చు

పిట్టలను చూడడానికి అడవికి పోనక్కరలేదు. ఇంటి చూరుకు ఒక వరికుచ్చు కట్టి, పక్కన మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టి, కదలకుండా కూర్చుంటే చాలు. అమెరికాలో పెరట్లో గింజలు పెడితే కార్డినల్ అనే పిట్ట వస్తుంది. మగది నిప్పులాంటి ఎరుపు. అక్కడ 7 రాష్ట్రాలకు అదే రాష్ట్రపక్షి. మన రాష్ట్రపక్షి పాలపిట్ట మాత్రం వరికుచ్చువైపు కన్నెత్తి చూడదు. దానికి పురుగూ పుట్రా కావాలి.

కాజీపల్లిలో మా కుచ్చుకు మొదటి చుట్టం ఊరపిచ్చుక. గొంతు కింద నల్లమచ్చ ఉంటే మగది. పిచ్చుక వడ్లగింజను ముక్కులో తిప్పి తిప్పి, పొట్టు వలిచి పడేస్తుంది. గువ్వలు, పావురాలు అట్లా కాదు, గింజను గింజగానే మింగుతాయి. నూరే పని లోపలి కండరాల సంచిది. కోడికూరలో మనం కందనకాయ అనేది అదే. కనుక కుచ్చు కింద పొట్టు రాలి ఉంటే, మనం కాలేజీలో ఉన్న వేళ వచ్చిపోయిందెవరో సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చెప్పవచ్చు. గోరింకకు అన్నం మెతుకులు ఇష్టం. పిగిలిపిట్ట నీళ్ళకే వస్తుంది. కాకి సంగతి వేరే చెప్పాలా!

గింజలు వేస్తే పిచ్చుకలు బతుకుతాయని చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. పెద్ద పిచ్చుకకు గింజ సరిపోతుంది. గూట్లో కళ్ళు తెరవని పిల్లకు మాంసకృత్తులు కావాలి. అందుకే తల్లీ తండ్రీ మెత్తని పచ్చపురుగులు ఏరి తెచ్చి నోట్లో పెడతాయి. పిల్ల గూడు విడవడానికి సుమారు రెండు వారాలు. ఆ రెండు వారాలూ దగ్గరలో గట్టుమీద గడ్డి, చెట్టూ చేమా లేకపోతే కుచ్చు ఎంత పెద్దదైనా ఏం లాభం?

దేశం మొత్తంమీద పిచ్చుకలు ఇంచుమించు నిలకడగానే ఉన్నాయనీ, హైదరాబాదుతో సహా 6 మహానగరాల్లో తగ్గుతున్నాయనీ 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక తేల్చింది. ఆ నగరం ఇప్పుడు మా గడపదాకా వచ్చింది. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. మా మడిలో వడ్లు పండినన్నాళ్ళు కుచ్చు ఇంటిదే. ఇప్పుడు మేనమామగారి ఊరినుంచి తెస్తున్నాం. అయితే పిచ్చుక తగ్గితే తప్పంతా పొగగొట్టానిదే అనేయడం సైన్సు కాదు. ముందు లెక్క కావాలి. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. మనం అంత తిరగనక్కరలేదు. ఏటా ఫిబ్రవరిలో 4 రోజులు పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలను రకంవారీగా రాసి పంపితే చాలు. ఈసారి మా చూరుతోపాటు కాలేజీ క్యాంటీన్ వెనకాల వేపచెట్టును కూడా లెక్కలో చేర్చాలని ఉంది, జువాలజీ వాళ్ళు బైనాక్యులర్ ఇస్తే!