కొలబద్దకు అందని బలం

చెవిటికల్లు వంటి మన పల్లెల్లో పిల్లలు కబడ్డీ జట్లు కట్టుకునే వేళ దిట్టమైన వారిని ముందుగా కోరుకుంటారు. బక్కపలుచని బాలుడు చివరిదాకా నిలబడే ఉంటాడు. "నువ్వేం పట్టగలవురా!" అన్న మాట అతని మనసులో ఏళ్ళ తరబడి ముల్లులా ఉండిపోతుంది. అటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు తెలుసుకోదగిన జీవితం ఒకటి జపాన్‌లో ఉంది.

జపనీయుల సుమో మల్లయుద్ధంలో బరువు తరగతులు లేవు. వంద కిలోల వాడు రెండు వందల యాభై కిలోల వానితోనైనా తలపడవలసిందే. బరి వ్యాసం 4.55 మీటర్లు. అరికాలు తప్ప మరే అవయవం నేలను తాకినా, బరి దాటి అడుగు పడినా ఓటమే.

1968లో అవొమొరి ప్రాంతంలో జన్మించిన మైనోఉమి విశ్వవిద్యాలయంలో సుమో నేర్చినా, ఉపాధ్యాయ వృత్తిలో స్థిరపడాలనుకున్నాడు. ఇంతలో తనతోపాటు సాధన చేసిన చిన్నవాడొకడు హఠాత్తుగా మరణించాడు. ఆయుష్షు ఇంత అల్పమైనప్పుడు కోరుకున్న పనిని వాయిదా వేయడమెందుకని మైనోఉమి వృత్తి సుమో వైపు మళ్ళాడు. అక్కడ కనీస ఎత్తు 173 సెంటీమీటర్లు. అతడు దానికి కొద్దిగా తక్కువ. మొదటిసారి తిరస్కరించారు. అప్పుడతడు నెత్తి చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని, ఆ బాధను భరించి, 1990లో బరిలో ప్రవేశించాడు.

ఈ పనిని మనం మెచ్చుకోనవసరం లేదు. కొలతను మోసగించడం మోసమే, దేహాన్ని ఇలా మార్చుకోవడం హర్షణీయం కాదు. అయితే ఒక యువకుణ్ణి అంతదూరం నెట్టిన నిబంధనను కూడా ప్రశ్నించక తప్పదు. ఆ కొలబద్ద అతని ఎత్తును చూసింది గాని నేర్పును చూడలేదు.

ఆ నేర్పు త్వరలోనే లోకానికి తెలిసింది. 1991లో అతడు అగ్రశ్రేణికి చేరాడు. అదే ఏడాది నవంబరులో, రెండు మీటర్లకు మించిన ఎత్తున్న అకెబోనోను ఓడించాడు. ఆ అకెబోనోయే 1993లో సుమోలో అత్యున్నతమైన యొకొజునా పదవిని అందుకున్నాడు. మైనోఉమి ఒక్కోసారి ప్రత్యర్థి ముఖం ముందు చప్పట్లు చరిచి, అతడు తేరుకునేలోగా పక్కకు తప్పుకునేవాడు. నైపుణ్య బహుమతిని ఐదుసార్లు పొందాడు. 1994లో కొముసుబి స్థాయికి ఎదిగాడు. 1996లో మహాకాయుడైన కొనిషికితో పోరులో మోకాలు దెబ్బతిన్నా, కోలుకుని మళ్ళీ బరిలోకి దిగాడు. 1999లో విరమించి వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు.

మన దేశానికీ ఇటువంటి అనుభవం ఉంది. ప్రఖ్యాత మల్లుడు గామా 1910లో లండన్ వెళ్ళినప్పుడు పొట్టివాడని పోటీకి అనుమతించలేదు. తనను ఎదిరించగల వారెవరైనా రావచ్చునని అతడు సవాలు విసిరాడు. కడకు ఆ ఏడాది సెప్టెంబరులో జిబిస్కోతో అతని కుస్తీని చూడడానికి జనం తరలివచ్చారు.

సుమో సంఘం 2023లో ఎత్తు, బరువుల నిబంధనను సడలించి, కొలత అందని వారికి దేహదారుఢ్య పరీక్ష ద్వారా అవకాశం కల్పించింది. మన ఇళ్ళలో మాత్రం పక్కింటి బిడ్డ అనే కొలబద్ద ఇంకా గోడకు వేలాడుతూనే ఉంది. బిడ్డ ఎంత ఎదిగాడని అడిగే ముందు, వానికి ఏది చేతనవునో ఒక్కసారి నిదానంగా చూద్దాం.